డెన్మార్క్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి: 2029లో ఎరిక్ రాజును మర్చిపోకండి

మంత్రి గారూ, నమస్కారం.

నేను స్వీడన్‌లోని మాల్మోలో ఉంటూ వంతెన దాటి కోపెన్‌హేగన్‌లో ఉద్యోగానికి వచ్చే తెలుగువాణ్ని. ఇక్కడున్న మావాళ్లు కూడా చదవాలని తెలుగులోనే రాస్తున్నా. సూటిగా అడుగుతున్నాను. డెన్మార్క్, స్వీడన్, నార్వే మూడింటికీ రాజైన ఎరిక్ 1429లో డెన్మార్క్, స్వీడన్‌ల మధ్యనున్న ఓరెసుండ్ జలసంధిలో ఓడల మీద సుంకం మొదలుపెట్టాడు, 2029కి దానికి 600 ఏళ్లు. ఆ ఏడాది హెల్సింగోర్‌లోని క్రోన్‌బోర్గ్ కోటలో ఆయన మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టండి, అదీ స్వీడన్, నార్వే, పోలండ్‌లను కలుపుకుని.

నాలుగు దేశాలు ఎందుకంటే ఆయన గుర్తులన్నీ తలో చోట ఉన్నాయి. పుట్టింది ఇప్పటి పోలండ్‌లోని దార్వోవోలో. ఈ మూడు రాజ్యాలనూ ఏలిన మార్గరెట్ రాణి, ఉన్న ఒక్క కొడుకూ పోయాక అక్క మనవడైన ఈ పిల్లాణ్ని దత్తత తీసుకుని, పేరు మార్చి, 1397లో స్వీడన్‌లోని కల్మార్‌లో పట్టాభిషేకం చేయించింది. మేం రోజూ చూసే మాల్మో నగర చిహ్నంలోని గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు) తల కూడా 1437లో ఆయన ఇచ్చిందే, అది ఆయన సొంత వంశం గుర్తు. భార్య ఫిలిప్పా సమాధి స్వీడన్‌లోని వాద్‌స్తెనాలో ఉంది. 1428లో జర్మన్ వర్తక నగరాల ఓడలు కోపెన్‌హేగన్ మీదికొస్తే నగరాన్ని కాపాడిన రాణిగా ఆమెకు పేరు, ఆమెకూ ఒక గది ఇవ్వాల్సిందే.

కానీ దయచేసి పొగడ్తలతో నింపకండి. మూడు రాజ్యాలూ ఒకే రాజు కింద కలవడానికి కల్మార్‌లో రాసుకున్న ఒప్పంద పత్రం మీ జాతీయ ఆర్కైవ్స్‌లోనే ఉంది కదా, రాజు ఒక్కడే అయినా ఏ రాజ్యాన్ని ఆ రాజ్యపు చట్టాల ప్రకారమే పాలించాలని అందులో రాశారు. ఎరిక్ చేసిందేమిటి? స్వీడన్ కోటల్లో డేన్లనూ జర్మన్లనూ అధికారులుగా కూర్చోబెట్టాడు, వర్తక నగరాలతో యుద్ధం పెట్టుకున్నాడు, దాంతో ఇనుము, రాగి ఎగుమతి దెబ్బతింది, పన్నులు మాత్రం తగ్గలేదు. స్వీడన్‌లోని డాలార్నా ప్రాంతపు గని పనివాళ్లూ రైతులూ తమ నాయకుడు ఎంగెల్‌బ్రెక్ట్ వెనక 1434లో తిరగబడ్డారంటే వాళ్లది ముమ్మాటికీ న్యాయమే అంటాను. ఆ పత్రాన్ని, ఆ జనం గోడును పక్కపక్కనే పెడితే చూసేవాళ్లకు కథంతా అర్థమవుతుంది.

సుంకం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. జలసంధి దాటే ఓడ హెల్సింగోర్ దగ్గర ఆగి ఒక ఇంగ్లిష్ బంగారు నాణెం కట్టాలి, ఆ డబ్బు నేరుగా రాజు ఖజానాకే. అక్కడ ఆయన కట్టిన క్రోగెన్ కోటే తర్వాత క్రోన్‌బోర్గ్ అయింది. ఆయన పదవి పోయినా సుంకం పోలేదు, 1857 దాకా వసూలు చేస్తూనే ఉన్నారు! మీ రాజధానికీ, ఈ తీరానికీ అంత సంపద తెచ్చిన ఆలోచన ఎవరిదో క్రోన్‌బోర్గ్‌కు వచ్చే ప్రతి బడిపిల్లకూ తెలియాలి.

ఎరిక్ తన పినతండ్రి కొడుకును వారసుణ్ని చేస్తానంటే డేనిష్ పెద్దలు కూడా ఒప్పుకోలేదు. 1439లో డెన్మార్క్, స్వీడన్, 1442లో నార్వే ఆయన్ని దించేశాయి. బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్ దీవిలో కోట పట్టుకుని ఓడల్ని దోపిడీ చేయిస్తూ 1449 దాకా ఉన్నాడు, చివరికి దార్వోవోకు వెళ్లి 1459లో చనిపోయాడు.

కల్మార్ ఒప్పంద పత్రాన్ని కొన్ని నెలలైనా క్రోన్‌బోర్గ్‌కు పంపడం వీలవుతుందేమో మీ ఆర్కైవ్స్ వాళ్లను అడగండి, మిగతా మూడు దేశాల మంత్రులకు ఈ ఏడాదే ఉత్తరం రాయండి. వివరణలు ఇంగ్లిష్‌లోనూ పోలిష్‌లోనూ ఉంటే మాలాంటి వలసవాళ్లం పిల్లల్ని తీసుకుని తప్పకుండా వస్తాం.

ఇట్లు,
మాల్మో నుంచి ఒక తెలుగు ఉద్యోగి