ఆడిటర్లను పుట్టించింది దివాలాలే

సంపాదకులకు నమస్కారం.

అకౌంటెన్సీ వృత్తి చరిత్ర మీద ఆదివారం సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. మట్టిపలకలతో మొదలుపెట్టి, 1494లో లూకా పచోలీ దగ్గర కాసేపు ఆగి, అక్కడినుంచి ఒక్క గెంతులో కంప్యూటర్ దగ్గరికి, ఆపైన కృత్రిమ మేధ దగ్గరికి వెళ్లిపోయారు. ఈ వృత్తికి ఇక నూకలు చెల్లినట్టేనని తేల్చేశారు కూడా. ఉద్యోగమంతా ఆడిట్‌లోనే చేసి రిటైరైనదాన్ని. నూకల సంగతి తర్వాత, ముందు చరిత్ర గురించి నాలుగు మాటలు.

జంటపద్దు విధానాన్ని, అంటే ప్రతి లావాదేవీనీ డెబిట్‌గా ఒకసారి, క్రెడిట్‌గా ఒకసారి రాసే పద్ధతిని, పచోలీ కనిపెట్టలేదు. కనిపెట్టానని ఆయనా చెప్పుకోలేదు. వెనిస్‌లో వాడుకలో ఉన్న పద్ధతినే వివరిస్తున్నానని 1494 నాటి తన పుస్తకంలో రాశాడు. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, లెక్కల పంతులు. అంతకు నూట యాభై ఏళ్ల ముందే, 1340 నాటి జెనోవా నగరపాలన ఖాతాల్లో డెబిట్, క్రెడిట్ ఎదురెదురుగా ఉన్నాయి. బెనెడెట్టో కోట్రుల్యీ అనే వర్తకుడు 1458లోనే ఈ పద్ధతి గురించి రాశాడు. పాపం, అది అచ్చయ్యేసరికి 1573 వచ్చింది. ముందు అచ్చయినవాడికి పేరు దక్కింది, అంతే.

అయినా నా తగువు అది కాదు. జమాఖర్చులు రాసుకోవడం వేరు, ఈ వృత్తి వేరు. తన లెక్క తాను రాసుకున్నవాడు ఎప్పుడూ ఉన్నాడు. ఇంకొకరి లెక్కను బయటివాడు చూసి సంతకం పెడితే, ముక్కూమొహం తెలియని వాటాదారు ఆ సంతకాన్ని నమ్మి డబ్బు పెట్టడం చాలా తర్వాత వచ్చింది. అది కూడా ఎవరో ఒకరు మునిగిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా వచ్చింది.

1720లో ఇంగ్లండ్‌లో సౌత్ సీ కంపెనీ వాటాల ధరల బుడగ పేలింది. దాని డైరెక్టర్లలో ఒకడికి చెందిన సాబ్రిడ్జ్ సంస్థ పుస్తకాలను పరీక్షించినవాడు చార్లెస్ స్నెల్. ఆయన అసలు పని చేతిరాత నేర్పడం! స్కాట్లాండ్‌లో 1854లో ఎడిన్‌బరో అకౌంటెంట్లు, మరుసటి ఏడు గ్లాస్గో వాళ్లు తమ సంఘాలకు రాజముద్ర ఉన్న చార్టర్ (అధికారిక గుర్తింపు పత్రం) తెచ్చుకున్నారు. దివాలా తీసినవాళ్ల ఆస్తిపాస్తులు లెక్కతేల్చి అప్పులవాళ్లకు పంచడం అప్పట్లో వాళ్లకు పెద్ద రాబడి. ఇంగ్లండ్‌లో 1875లో క్వేన్ అనే జడ్జి, దివాలా వ్యవహారాలన్నీ అకౌంటెంట్లనే అజ్ఞానుల చేతిలో పెట్టారని నిండు కోర్టులో విసుక్కున్నాడు. అయిదేళ్లు తిరక్కుండా అక్కడివాళ్లూ చార్టర్ తెచ్చుకున్నారు.

చట్టాలూ ఇదే తంతు. కంపెనీలకు ఆడిట్ ఉండాలని 1844లో బ్రిటన్ చట్టం చేసింది, 1856లో ఆ నిర్బంధం తీసేసింది. 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలింది. బాధ్యతకు పరిమితి లేని బ్యాంకు కావడంతో వాటాదార్లు ఇళ్లూ వాకిళ్లూ అమ్మి అప్పు తీర్చాల్సి వచ్చింది, డైరెక్టర్లు జైలుకు వెళ్లారు. మరుసటి ఏడే, కొత్తగా పరిమిత బాధ్యత (వాటాదారు తన వాటా మేరకే నష్టం భరించడం) కిందికి వచ్చే బ్యాంకులకు ఆడిట్ తప్పనిసరైంది. కంపెనీలన్నిటికీ మళ్లీ తప్పనిసరి కావడానికి 1900 దాకా పట్టింది.

మీ వ్యాసంలో బొత్తిగా లేని కథ ఇంకొకటి. కింగ్‌స్టన్ కాటన్ మిల్లు మేనేజరు సరుకు నిల్వలను ఏళ్ల తరబడి పెంచి చూపించాడు. ఆడిటర్లు అతనిచ్చిన సర్టిఫికెట్ నమ్మి సంతకం పెట్టారు. సరుకు లెక్కపెట్టడం ఆడిటరు పని కాదని 1896లో కోర్టు వాళ్లను వదిలేసింది. ఆడిటరు కాపలా కుక్కే గాని వేటకుక్క కాదని లోప్స్ అనే జడ్జి అన్న మాట ఆ కేసులోదే.

ఆ ధీమా 1938 దాకా నడిచింది. అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ అధ్యక్షుడు మారుపేరుతో బతుకుతున్న పాత నేరస్థుడని బయటపడింది. కంపెనీ ఆస్తులు 8.7 కోట్ల డాలర్లని పుస్తకాలు చెబితే, అందులో సుమారు 1.9 కోట్లు ఉత్తుత్తివే. కెనడా గోడౌన్లలో ఉందన్న మందుల ముడిసరుకు అసలు లేనే లేదు. ఇన్వాయిసులు, రసీదులు, ఉత్తరాలు అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయి. సరిపోవా మరి, అన్నీ తయారుచేసింది అతనూ అతని తమ్ముళ్లే! సరుకు లెక్కించేటప్పుడు ఆడిటరు దగ్గరుండాలని, బాకీదార్లను నేరుగా అడిగి రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలని 1939లో అమెరికన్ అకౌంటెంట్ల సంస్థ నియమం పెట్టింది.

ఈ నియమం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. నేను చేరిన ఆఫీసులో ఆడపిల్లలను గోడౌన్‌కు పంపేవారు కాదు, ఓచర్లు టిక్కు పెట్టడానికే మేం. పోట్లాడి వెళ్లాను. (లండన్‌లో మేరీ హారిస్ స్మిత్ 1891లో సభ్యత్వం అడిగితే చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1920లో గాని ఇవ్వలేదు. ఆవిడతో పోలిస్తే నాది చిన్న పోట్లాటే.) గోడౌన్‌లో ముందు వరస పెట్టెలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. మధ్య వరసలోంచి ఒకటి లాగించాలి. పోయిన వారం వచ్చిందని రాసిన సరుకు మీద వేలు పెడితే వేలెడు దుమ్ము తగులుతుంది. ట్యాంకులో చమురుంటే గేజి రీడింగ్ చాలదు, కొలబద్ద దింపించాలి, అడుగున నీళ్లు ఉన్నాయేమో చూడాలి. ఇది ఏ చిట్టాలోనూ ఉండదు.

ఇప్పుడు కృత్రిమ మేధ సంగతి. కాగితానికి కాగితం సరిపోయిందా అన్నది అది నాకంటే బాగా, వేగంగా చూస్తుంది, సందేహం లేదు. టిక్కు పెట్టే పని పోతే ఏడ్చేవాళ్లెవరూ లేరు, నేనసలే ఏడవను. కానీ మెకెసన్‌లో కాగితాలు సరిపోకపోవడం సమస్య కాదు కదా.

2001లో అమెరికాలో ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ కూలినప్పుడు కూడా లోపం లెక్కల యంత్రాల్లో లేదు. ఆర్థర్ ఆండర్సన్ సంస్థ ఎన్‌రాన్‌కు ఆడిటూ చేసింది, కన్సల్టింగూ చేసింది, రెండు చేతులా ఫీజు తీసుకుంది. 2002లో అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం ఆడిట్ చేసే కంపెనీకే అమ్మకూడని సేవలు కొన్నిటిని నిషేధించింది, ఆడిటర్ల మీద వేరే పర్యవేక్షణ బోర్డును పెట్టింది. ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు: ఎవరి పుస్తకాలు చూడాలో వాళ్లే ఫీజు ఇవ్వడం. 1844 చట్టం నుంచి ఇవాళ్టి దాకా దానికి మందు దొరకలేదు.

రెండో భాగం వేస్తామన్నారు కాబట్టి అడుగుతున్నాను. అందులో రోబోల బొమ్మలు తగ్గించి, ఆడిటరుకు ఫీజు ఎవరివ్వాలి, కంపెనీయా, వాటాదార్లు విడిగానా, లేక ఒక ఉమ్మడి నిధి నుంచా అన్న చర్చకు ఒక పేజీ ఇవ్వండి.

- ఒక రిటైర్డ్ ఆడిటర్