పిల్లల ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

డిశ్చార్జ్ చేసేటప్పుడు ఇంట్లో మందులు ఎలా వాడాలో సరిగా చెప్పడం లేదని మీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాం, ఫిర్యాదుల పెట్టెలోనూ వేశాం, ఉలుకూ పలుకూ లేదు కాబట్టి ఇప్పుడు నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మీ డాక్టర్ల వైద్యాన్ని నేను తప్పుపట్టను. ఇబ్బందంతా డిశ్చార్జ్ రోజునే. మా పాప చీటీలో ‘జ్వరం వస్తే పారాసెటమాల్’ అని మాత్రమే ఉంది, ఎన్ని ఎం.ఎల్. పట్టాలో, ఎన్ని గంటలకోసారో లేదు. ఆ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, పైగా చుక్కల మందు సిరప్ కంటే బాగా గాఢంగా ఉంటుంది కాబట్టి సీసా మారితే లెక్కంతా మారిపోతుంది. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ లైట్‌లో సీసా మీది చీమల్లాంటి అక్షరాలు చదువుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ టెన్షన్ మామూలుది కాదు.

విరేచనాల పిల్లలదీ ఇదే కథ. వాళ్లకిచ్చే జింకు మందు 10 నుంచి 14 రోజులు వాడాలి, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. ఆ ముక్క చెప్పేవాళ్లు లేకపోతే ఇంట్లోవాళ్లు మధ్యలోనే మానేస్తారు (తర్వాత తిట్లు మాత్రం తల్లికే).

అందుకే అడుగుతున్నాం. డిశ్చార్జ్ చీటీతోపాటు మాకు అర్థమయ్యే భాషలో ఒక పేజీ ఇవ్వండి. అందులో మోతాదు ఎం.ఎల్.లలో ఉండాలి, బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా వెంటనే తీసుకురమ్మని రాసి ఉండాలి. నర్సు గారు అది చదివి వినిపించి, మాచేత తిరిగి చెప్పించుకోవాలి. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి కావాలి. ఇవి ఎప్పుడు మొదలుపెడతారో, కుదరకపోతే ఎందుకు కుదరదో, రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి