నాలుగు టికెట్లు, ఒక్క సరైన జవాబూ లేదు: మీ ‘యూఎస్‌డీఏ అర్హత’ ట్యాగ్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

డాలస్‌లో ఉగాది సంబరాలకు బ్యానర్ కట్టి మరీ ‘మనవాళ్లతో తెలుగులోనే మాట్లాడతాం’ అన్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో రాసిన నాలుగు మెయిళ్లకూ దిక్కు లేదు. భాష మారిస్తే అయినా ఎవరైనా చదువుతారేమో చూద్దాం.

కొనబోయిన ఇల్లు చేజారిందని కాదండీ నా కోపం. డాలస్ పక్కనున్న కాలిన్ కౌంటీలో ఇళ్లకేం కరువు? ముందే అడిగాను, మీరు వినలేదు. అదీ మంట.

మీ హోమ్ లోన్ యాప్‌లో కొన్ని ఇళ్ల పక్కన ‘యూఎస్‌డీఏ అర్హత’ అని పచ్చ ట్యాగ్ పెడుతున్నారు, అంటే అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) పల్లె ప్రాంతాల ఇళ్లకని పెట్టిన లోన్ ఆ ఇంటికి వస్తుందని. అది జిప్‌కోడ్ చూసి అంటిస్తున్నదని రెండు రోజులు వెతికితే ఎవరికైనా తెలుస్తుంది. ఈ లోన్‌కు జిప్‌కోడ్‌తో పనే లేదు. ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్, మెకిన్నీ నగరాల్లో రాదు, ఫార్మర్స్‌విల్, బ్లూ రిడ్జ్‌లాంటి చిన్న ఊళ్లలో వస్తుంది. చిక్కంతా నడుమ ఉన్న కౌంటీ రోడ్ల దగ్గర. చిరునామాలో కనిపించే ఊరి పేరు పోస్టాఫీసుది, ఊరి హద్దు కాదు. యూఎస్‌డీఏ మ్యాప్‌లో గీత ఒక్కోచోట రోడ్డు మీదుగానే పోతుంది: ఇటువైపు ఇంటికి లోన్ వస్తుంది, ఎదురింటికి రాదు. పైగా ఆ మ్యాప్‌లో రంగు పూసిన భాగమే అనర్హం. రంగు ఉంటే అర్హత అనుకునేవాళ్లు బోలెడు మంది, మీ వాళ్లతో సహా.

నేను చూసిన ఇంటి చిరునామా మ్యాప్‌లో కొడితే పిన్ అర మైలు అవతల, రంగు లేని చోట పడింది. శాటిలైట్ బొమ్మ వేసి చూస్తే ఇంటి కప్పు మాత్రం రంగులో ఉంది. స్క్రీన్‌షాట్ తీసి, పిన్ దగ్గరా ఇంటి దగ్గరా ఎర్ర గుండ్రాలు చుట్టి, ‘కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకముందే తేల్చి చెప్పండి’ అని పంపాను. మీ జవాబు ఒకే ఒక్క లైను: ‘ట్యాగ్ ఉంటే అర్హత ఉన్నట్టే.’ అది నా దగ్గర భద్రంగా ఉంది.

అండర్‌రైటింగ్‌లో, అంటే లోన్ ఇచ్చే ముందు చేసే పరిశీలనలో, ఇల్లు అనర్హమని తేలిన రోజు నుంచీ మొదలైంది అసలు తమాషా. మీ కస్టమర్ కేర్‌లో మొదటి అమ్మాయి ‘మీ బాధ మాకు అర్థమవుతోంది’ అని మూడుసార్లు చెప్పి, హోల్డ్‌లో పెట్టి, లైన్ కట్ చేసింది. రెండో ఆయన ‘యూఎస్‌డీఏ అంటే వ్యవసాయ శాఖ కదా సార్, మీకు పొలం ఉందా?’ అన్నాడు. ఇది ఇంటి లోన్ నాయనా, పొలంతో పని లేదు, సొంతంగా కాపురముంటే చాలు అని నేనే పాఠం చెప్పాల్సొచ్చింది. మూడో ఆయన డైరెక్ట్ లోన్ ఫారం పంపాడు. అది తక్కువ ఆదాయం వాళ్లకు, ప్రభుత్వం నేరుగా ఇచ్చేది. నేనడిగింది గ్యారంటీడ్ లోన్, ప్రభుత్వ హామీతో మీరిచ్చేది. మీ దుకాణంలో సరుకేంటో మీకే తెలియకపోతే ఎట్లా?

నాలుగో ఆవిడ ఇంకా ఘనురాలు. మా అమ్మ పేరు లోన్‌లో లేదు కాబట్టి లెక్కలోకి రాదని తీసేసింది. ఇంట్లో ఉండే ప్రతి మనిషీ లెక్కే, పెద్దవాళ్ల ఆదాయమూ లెక్కే, లోన్ మీద సంతకం చేసినా చేయకపోయినా. ఒకరి నుంచి నలుగురి దాకా ఒక ఆదాయ పరిమితి, ఐదు నుంచి ఎనిమిది దాకా అంతకన్నా ఎక్కువ. మేం ఐదుగురం. అమ్మను తీసేసి నన్ను కింది పరిమితిలోకి నెట్టి, ‘ఆదాయం ఎక్కువైంది సార్, ఇల్లు ఎక్కడున్నా మీకు రాదు’ అని కేసు మూసేశారు! ఇల్లు అనర్హమన్న మాట పక్కకు పోయింది, తప్పు నాదైపోయింది.

మా అన్నయ్య ఇంటి లోన్ మీ దగ్గరే, ఆయన రీఫైనాన్స్ మీ దగ్గరే. ఫ్రిస్కోలో మూడు కుటుంబాలను నేనే పంపాను. ‘మనవాళ్లు’ అన్న మాటకు విలువిచ్చి చేసిన పని అది. మీకు గుర్తుండదు, సరే.

ఈ లోపు, వద్దనుకుంటే కాంట్రాక్ట్ నుంచి తప్పుకునే వీలు కోసం కట్టిన ఆప్షన్ ఫీజు 250 డాలర్లు అమ్మేవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఇన్‌స్పెక్షన్‌కు 525, సెప్టిక్ ట్యాంక్ పరీక్షకు 325. మీ ఒక్క లైను మెయిల్ ఖరీదు 1,100 అన్నమాట. అవి వెనక్కి ఇస్తారా లేదా అన్నది మీ ఇష్టం కాదు, మీ బాధ్యత. అంతకన్నా ముందు ఆ ట్యాగ్ తీసేయండి. ఇంటి మీదే పిన్ పెట్టి చూడటం, గీత దగ్గర అనుమానం వస్తే ఈ లోన్లు చూసే యూఎస్‌డీఏ రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసును రాతపూర్వకంగా అడగడం, ఈ రెండూ చేయగల మనిషి ఒక్కరు చాలు. టెక్సస్‌లో వాళ్ల రాష్ట్ర కార్యాలయం టెంపుల్‌లో ఉంది, చంద్రమండలంలో కాదు.

పది పని దినాలు చూస్తాను. తర్వాత ఈ మెయిళ్లన్నీ కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకూ, టెక్సస్ సేవింగ్స్ అండ్ మార్ట్‌గేజ్ లెండింగ్ శాఖకూ వెళ్తాయి. వచ్చే ఉగాదికి మీ బ్యానర్ పక్కనే నేనూ నిలబడి వచ్చినవాళ్లకు ఆ ఎర్ర గుండ్రాల స్క్రీన్‌షాట్ చూపిస్తాను.

ఫోన్ చేస్తే దయచేసి టికెట్ నంబర్ అడగొద్దు. నా దగ్గర నాలుగున్నాయి, ఏది బతికుందో మీరే చూసుకుని చేయండి.

ఇట్లు,
మీ ‘విలువైన కస్టమర్’,
ఫ్రిస్కో