తలకు దెబ్బ తగిలితే నిర్ణయం క్లబ్బుకు వదలొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బల్లారట్ పక్కన బంగరీ అని చిన్న ఊరుంది. బంగాళాదుంపలు బాగా పండే నేల. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు డానీ ఫ్రాలీ అక్కడి రైతుబిడ్డ. అందుకే ముద్దుపేరు కూడా 'స్పడ్', అంటే ఆలుగడ్డ. 1984 నుంచి 1995 దాకా సెయింట్ కిల్డా జట్టుకు 240 మ్యాచ్‌లు ఆడాడు, తొమ్మిదేళ్లు కెప్టెన్‌గా ఉన్నాడు. ఫుల్ బ్యాక్ కదా, ఎదుటి జట్టులో గోల్స్ కొట్టే బలశాలికి ఒళ్లు అడ్డుపెట్టడమే ఆయన పని. తర్వాత రిచ్‌మండ్ జట్టుకు ఐదు సీజన్లు కోచ్, ఆపైన టీవీలో, రేడియోలో జనాన్ని నవ్వించిన వ్యాఖ్యాత. తన డిప్రెషన్ గురించి దాచుకోకుండా మాట్లాడేవాడు.

2019 సెప్టెంబర్‌లో, 56 నిండిన మర్నాడే, కారు చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. మెదడును పరీక్షిస్తే సీటీఈ బయటపడింది. తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే జబ్బు ఇది. చనిపోయాక మెదడును చూస్తే తప్ప కచ్చితంగా తేలదు. ఆయన డిప్రెషన్‌లో దీని పాత్ర ఎంతో మరణాన్ని విచారించిన అధికారి (కరోనర్) కూడా తేల్చి చెప్పలేకపోయారు. కాబట్టి ఆటే చంపిందని నేను అనను. కానీ భయపడటానికి ఈమాత్రం చాలు.

మీ పత్రికకు ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఈ ఆట ఆడుతున్నారు. హెల్మెట్ తప్పనిసరి కాదు, ఢీకొట్టుకోవడం ఆటలో భాగం. కంకషన్ అయితే, అంటే దెబ్బకు మెదడు అదిరితే, పెద్ద లీగ్‌లో కనీసం 12 రోజులు మ్యాచ్‌కు దూరంగా ఉండాలని ఈ ఆటను నడిపే సంస్థ ఏఎఫ్ఎల్ ముందే నియమం పెట్టింది; ఊళ్లలో ఆడేవాళ్లు కనీసం 21 రోజులు దూరంగా ఉండాలని 2024లో కొత్త నియమం తెచ్చింది. మంచిదే. పెద్ద లీగ్‌లో గ్రౌండ్ పక్కనే డాక్టర్లుంటారు, వీడియో చూసేవాళ్లుంటారు. పల్లెటూరి క్లబ్బులో శనివారం మధ్యాహ్నం ఉండేది ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్న వాలంటీర్. ఆయనా క్లబ్బు మనిషే, ఆడే కుర్రాడు తెలిసినవాడే, ఫైనల్స్ దగ్గరపడుతుంటాయి. "ఏం కాలేదు, ఆడతాను" అని కుర్రాడు అంటే కాదనడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. దెబ్బను నమోదు చేయకపోతే ఆ 21 రోజుల లెక్క మొదలే కాదు.

అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ సబ్‌స్టిట్యూట్ 2019లోనే వచ్చింది. అక్కడ కూడా మ్యాచ్ రెఫరీ ఒప్పుకోవాలి, అంతా జట్టు ఇష్టం కాదు. ఊళ్ల ఫుట్‌బాల్‌లోనూ రెండు క్లబ్బులకూ సంబంధం లేని మనిషికే ఆటగాణ్ని బయటికి పంపే అధికారం ఇవ్వాలి. ఖర్చు లీగ్ పెట్టుకోవాలి. టీవీ హక్కుల మీద ఏఎఫ్ఎల్‌కు వస్తున్న డబ్బులో ఇదొక లెక్కే కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లాడు మ్యాచ్ నుంచి వచ్చి తలనొప్పి అన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, ఉన్నట్టుండి విసుక్కుంటున్నా ఆరోజే డాక్టర్‌కు చూపించండి, క్లబ్బుకు రాతపూర్వకంగా చెప్పండి. జట్టులో చోటు పోతుందని దాచొద్దు.

– ఒక పాఠకుడు, బల్లారట్, ఆస్ట్రేలియా