ఆఖరి కాయితం అన్నకు

గోథెన్‌బర్గ్, స్వీడన్
ఆదివారం రాత్రి

అమ్మా,

నేను మంచిగున్న. ఫోన్ల చెప్పొచ్చు గని, మనిద్దరం మాట్లాడుతుంటె నాయిన నడుమల దూరి అక్కడ బంగారం రేటెంత అని అడుగుతడు, అసలు ముచ్చట ఆడ్నే ఆగిపోతది. అందుకే రాస్తున్న. అన్నా, ఒక్క అక్షరం ఇడ్సిపెట్టకుంట అమ్మకు చదివి వినిపియ్యి. ఆఖరి కాయితం మాత్రం నీకు. అది అమ్మకు చదవకు.

పని మంచిగనే నడుస్తుంది. చలి షురువైంది, మూడున్నరకే చీకటి. నువ్వు పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు సగం సీసా ఉన్నది, చెంచాతోని కొలుచుకుంట తింటున్న.

నీ కల్చర్ రిపోర్టు, అదే ఏ మందుకు పురుగు సస్తదో చెప్పేది, అన్న ఫోటో తీసి పంపిండు. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుంగ 'ఆర్' అని ఉన్నది. అంటె నీ ఒంట్ల ఉన్న పురుగుకు ఆ గోళీ అంటె లెక్కలేదని. ఆరెంపీ ఇచ్చినయి పది రోజులు మింగినా మంట తగ్గకపోయిందంటె అందుకే. పత్యం చెయ్యలేదని వదినె నిన్నేమన్న అన్నదా? నీ తప్పు కాదు. డాక్టరమ్మ సూదులు ఏడు రోజులంటె ఏడు రోజులు ఏసుకో. మూడోనాటికి నిమ్మళమైందని ఆపకు. మిగిలిన గోళీలు డబ్బాల దాచిపెట్టి పక్కింటి చిన్నమ్మకు జరమొస్తె ఇయ్యకు. ఇస్తవు, నాకు తెల్సు.

ఇక్కడ మిగిలిన మందులు మందుల దుకాణంలనే వాపస్ తీసుకుంటరు. పారబోస్తె నీళ్లల్ల కలుస్తదని. మొన్న నేను కూడ సంచిల ఏసి ఇచ్చొచ్చిన. దుకాణంల పిల్ల నవ్వుకుంట తీసుకున్నది. రెండు పత్తాల గోళీలకు గింత మర్యాద! బయటికొచ్చినంక చానసేపు మన వాగే యాదికొచ్చింది.

నీకొకటి చెప్పాలె. ఈ ఊరి యూనివర్సిటీల జోయాకిం లార్సన్ అని ఒక ప్రొఫెసరున్నడు. మన పటాన్‌చెరు కాడ సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు ట్యాంకర్లల్ల తెచ్చి శుద్ధి చేసి వదిలేటోళ్లు గదా, ఆ వదిలిన నీళ్లనే పరీక్ష చేసి 2007ల ఆయన బృందం రాసింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో. అదే నీ గోళీ. అది మింగినోళ్ల నెత్తుర్ల కూడ గంత ఉండదు. లెక్కగడితె రోజుకు సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశం మొత్తం, అప్పటి 90 లక్షల మంది, అయిదు రోజులు వాడే మందు అంత. నేను బతుకుతున్న దేశాన్ని ఒక తక్కెడల పెట్టి, ఇంకో తక్కెడల మన వాగును పెట్టి తూచిన్రమ్మా. ఇసుకవాగు, నక్కవాగు, ఆడికెళ్లి మంజీర. ఊర్ల బాయిల నీళ్లల్ల కూడ మందులు దొరికినయని 2009ల మళ్ల రాసిన్రు.

నీ రోగం వాగుతోనే వచ్చిందని నేనంటలేను. అట్ల ఎవ్వరూ చెప్పలేరు. సగం పత్తా కొనుక్కొచ్చి సగంల ఆపే అలవాటు మనింట్ల అందరికున్నది.

నాయినమ్మ బతికున్నప్పుడు నురుగును జూసి వాగుకు పిచ్చి లేచిందనేది, మనం నవ్వినం. వాగు ఖరాబైతుందని కిషన్‌రావు డాక్టర్ సారు ఏండ్లకేండ్లు నెత్తి నోరు కొట్టుకున్నడు. పటాన్‌చెరు పేరు ఈడి చదువుకున్నోళ్లకు తెల్సు, మనకు తెలిసిన తీరుగ కాదు. ఆఫీసుల ఒకాయన నీది ఆ ఊరేనా అన్నడు. నాకు ఎందుకో కోపమొచ్చింది. ఇప్పుడు మారింది, ఆ నీళ్లకు పైపులేసిన్రు అన్న. ఆ పైపు అంబర్‌పేట దాకా పోయి నగరం మురికితోని కలుస్తదని, ఆడికెళ్లి మూసీకే పోతదని చెప్పలే. మీకు అగ్గువకు గోళీలు దొరుకుతున్నయంటె ఆ బాకీ ఎవరి వాగు కట్టింది అని అడగాలనిపించింది. అది ఇంటికొచ్చి అంట్లు తోముకుంట అడిగిన, గోడను.

నల్లా నీళ్లు తాగుతున్న. నదికెళ్లే వస్తయి. మొదట్ల మీ డబ్బా నీళ్లు యాదికొచ్చి గొంతు దిగకపోయేది.

పాపకు పట్టీల కొలత దారంతోని తీసి పంపు.

——

అన్నా,

ఇది నీకు. ఆ ఫ్యాక్టరీలు మూసేయాలె అని ఈడ సులువుగ అంటరు. నేను అనలేను. నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చి బట్టలు వాకిట్ల దండెం మీద ఏస్తె, ఈ వాసనే నా మడి తిన్నది అని నాయిన లేచిపోయిన రోజు నాకు యాదున్నది. నువ్వేం మాట్లాడలే. ఆ నెల జీతంలకెళ్లే నా ఫీజు కట్టినవు.

ఒకటి అడగాలె. వాన పడ్డ రాత్రి ఎవరూ చూడకుంట ఇప్పుడు కూడ ఫ్యాక్టరీ నీళ్లు వాగుల ఇడ్వనీకి వాల్వు ఇప్పుతరా? మీ దాంట్ల అని కాదు, ఎక్కడైనా. జవాబు రాయకు, ఫోన్ల చెప్పకు. జూన్‌ల వస్తున్న గదా.

సూదులు అయినంక అమ్మకు ఇంకోసారి పరీక్ష చేయించు. ఫోటో వెలుతుర్ల తియ్యి, పోయినసారి సగం రిపోర్టు మీద నీ బొటనవేలే ఉన్నది.

నీ చెల్లె