కరిగించే ముందు ఒక్కసారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

వెండి ధర పెరిగేసరికి పాత సామానంతా కరిగించడానికి పోతోందని మీరు రాసింది నిజమే. ఆ కుప్పల్లో పాత విదేశీ నాణేలూ పోతున్నాయి. నా బాధంతా వాటి గురించే.

బ్యాంకులో నగల అప్రైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. 16, 17 శతాబ్దాల యూరప్ వెండి నాణేలు సేకరిస్తాను. వాటిలో నాకు ప్రాణం 1641లో డచ్చి దేశపు గెల్డర్లాండ్‌లో ముద్రించిన లేవెన్‌డాల్డర్ అనే వెండి నాణెం. ఒకవైపు డాలు వెనక నిలబడ్డ యోధుడు, రెండోవైపు వెనక కాళ్లమీద లేచిన సింహం. తూకం 27 గ్రాముల పైచిలుకు, మేలిమి నూటికి 75 పాళ్లే. అదే కాలపు స్పెయిన్ ఎనిమిది రియాళ్ల నాణెం తూకం దాదాపు అంతే, కానీ మేలిమి 93 పాళ్లు. డచ్చి వర్తకులు ఆ తక్కువ మేలిమి సింహాన్నే ఆటోమన్ (తుర్కీ) సామ్రాజ్యపు బజార్లలో విరివిగా చెలామణి చేశారు. ఎంత లెక్క చూసుకున్నారో!

ఎక్కువగా మూసలో పడే ప్రమాదం స్పెయిన్ నాణేలకే. అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న, ఇప్పటి బొలీవియాలోని పొటోసీ కొండ వెండిని కడ్డీలుగా పోసి, ముక్కలు కోసి, తూకానికి సరిపడేలా అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవారు. అందుకే గుండ్రంగా ఉండవు, అక్షరాలు సగమే పడతాయి. తెలియనివాళ్లకు అది విరిగిన వెండి తునకలాగే కనిపిస్తుంది. దానిమీద శిలువ, దాని నాలుగు మూలల్లో కోటలు, సింహాలు, పక్కన 'పి' అక్షరం ఉంటే దయచేసి ఆగండి.

1605లో మా బందరుకు వచ్చిన డచ్చివారు మన అద్దకం బట్టలు కొన్నారు. యూరప్ సరుకులకు ఇక్కడ గిరాకీ తక్కువ కనుక వెండి తేక తప్పలేదు. అలా దేశంలోకి వచ్చిన వెండిలో చాలాభాగం టంకశాలల్లో కరిగి రూపాయలైంది. మిగిలిన కాసినీ మన కాలంలో పోకూడదు.

ఇంట్లో ఇలాంటిది దొరికితే చింతపండుతో తోమకండి. ఆ నలుపు పోతే నాణేనికి విలువ పోతుంది. తూకం వేసి, రెండువైపులా ఫొటో తీసి, మ్యూజియంలో తెలిసినవారికి చూపించండి. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే పోతపోసిన నకిలీ కావచ్చు. భూమిలో దొరికితే మాత్రం, విలువ 10 రూపాయలు దాటితే చాలు, 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాల్సిందే.

మీరు రోజూ వేసే వెండి ధరల పక్కన అప్పుడప్పుడైనా ఈ నాలుగు మాటలు వేయమని నా విన్నపం.

— ఒక పాఠకుడు, మచిలీపట్నం