పుస్తకం మూసి రాయమను

విజయనగరం

ఒరే సత్యం,

నీ ఉత్తరం అందింది. "అమ్మాయి పొద్దస్తమానం పుస్తకం పట్టుకునే ఉంటుంది, మార్కులు చూస్తే ఏడుపొస్తోంది" అని రాశావు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో అడ్డొస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పిల్ల బద్ధకస్తురాలు కాదురా. తిరకాసంతా చదివే పద్ధతిలో ఉంది. అదే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతోంది, రంగు పెన్నులతో గీతలు గీస్తోంది. నాలుగోసారికి ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది. కళ్ళకు అలవాటైందంతే. పరీక్ష హాల్లో కళ్ళెదుట ఆ లైను ఉండదు కదా, దాన్ని తనే తవ్వి తీసుకోవాలి. ఆ పని ఇంట్లో ఒక్కసారీ చెయ్యలేదాయె.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే సైకాలజీ పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. చిన్న పాఠం ఇచ్చి, కొందరిచేత నాలుగు విడతలూ చదివించారు. కొందరిచేత ఒక్క విడతే చదివించి, మిగతా మూడు విడతలూ గుర్తున్నంత మటుకు రాయించారు. అయిదు నిమిషాలయ్యాక పరీక్ష పెడితే చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకి 83 శాతం, రాసినవాళ్ళకి 71. వారం పోయాక చూస్తే తారుమారు. చదివినవాళ్ళకి 40 శాతమే గుర్తుంది, రాసినవాళ్ళకి 61. తమాషా ఏమిటంటే, "మీకు ఎంత గుర్తుంటుంది?" అని ముందు అడిగితే, నాలుగు విడతలు చదివినవాళ్ళే ఎక్కువ ధీమాగా ఉన్నారు. కాబట్టి మీ అమ్మాయి "అంతా వచ్చేసింది నాన్నా" అంటే అబద్ధం అనుకోకు. ఆ పూటకి నిజంగానే వచ్చు.

నా క్లాసులో పాఠం అయ్యాక పుస్తకాలు మూయించి, తెల్ల కాగితం మీద విన్నది రాయమంటాను. మార్కులుండవు. అయినా మొదట్లో ఒకటే గోల. "ఏటీ గుర్తు రావట్లేదు సార్!" రాకపోతే రానీ, కాసేపు బుర్ర గోక్కోండి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి ఏం వదిలేశారో చూసుకోండి అంటాను. తెరిచి చూసుకోవడం మాత్రం మానకూడదు సుమా, లేకపోతే తప్పే స్థిరపడిపోతుంది. ఒకరిద్దరు తల్లిదండ్రులు "సార్ చెప్పకుండా పిల్లలచేత రాయించేస్తున్నాడు" అనుకున్నారు కూడా. అనుకోనీ.

ఎక్కాలు గుర్తున్నాయా? ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి ఏడెనిమిదులెంతరా అని అడుగు. ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి లోపల గొణుక్కుంటూ వస్తాడు. వరస వచ్చు, లెక్క రాదు. అందుకే నేను ఎక్కాలు చెదరగొట్టి అడుగుతాను.

లెక్కల్లోనూ ఇదే గొడవ. స్థూపం లెక్కలన్నీ ఒకరోజు, శంకువులన్నీ మర్నాడు, గోళాలు ఆ మర్నాడు చేయిస్తే ఏ సూత్రం వాడాలో పిల్ల ఆలోచించక్కర్లేదు, పైన హెడ్డింగే చెప్పేస్తుంది. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఘనపరిమాణం లెక్కలతోనే ఇది పరీక్షించారు. కలగలిపి చేసినవాళ్ళు సాధన చేసేటప్పుడు ఎక్కువ తప్పులు చేశారు. వారం తర్వాత పరీక్షలో వాళ్ళకి 63 శాతం వస్తే, రకానికి రకం విడివిడిగా చేసినవాళ్ళకి 20 శాతమే వచ్చింది. ట్యూషన్ మాస్టారు ఏ వరసలో చేయిస్తున్నారో ఓసారి కనుక్కో.

ఇక అన్నిటికంటే పాత సంగతి. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ అర్థంలేని అక్షరాల గుత్తులు తనే బట్టీపట్టి, తనే ఎంత మరిచిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. మొదటి రోజే చాలామటుకు జారిపోతుందనీ, ఒక్క రోజే రుద్దేకంటే రోజులు విడదీసి చదివితే నిలుస్తుందనీ తేల్చాడు. పరీక్ష ముందు రాత్రి కాఫీలు తాగి మేల్కోవడం మనిద్దరికీ తెలిసిన విద్యే అనుకో!

"మా అమ్మాయి చూసి నేర్చుకునే రకమట, ట్యూషన్‌లో టెస్ట్ పెట్టి చెప్పారు" అని రాశావు. దానికి డబ్బులేమీ కట్టకు. 2008లో కొందరు సైకాలజిస్టులు ఉన్న పరిశోధనలన్నీ వెతికి, రకాన్నిబట్టి పాఠం చెబితే మేలు జరుగుతుందనడానికి సరైన ఆధారం లేదన్నారు.

అన్నట్టు, మొన్న కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంటో పుస్తకం మాటలు లేకుండా చెప్పమంటే ఒక గుంటడు, "ఆకు ఎండలో అన్నం వండుకుంటాది సార్" అన్నాడు. నిర్వచనం అప్పజెప్పినవాళ్ళలో సగం మందికి ఆ మాత్రం తెలీదు. మన శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు కదా. నీ కూతురిక్కూడా ముందు ఇంట్లో మాటల్లో చెప్పనీ, పుస్తకం మాటలు తర్వాత పెట్టుకోవచ్చు.

ప్రస్తుతానికి ఒక్క సైన్స్ పాఠంతో మొదలుపెట్టించు. అదే పాఠం రెండ్రోజులాగి మళ్ళీ, వారం ఆగి ఇంకోసారి రాయించు. ఆ కాగితాలు ఫోటో తీసి పంపు. నువ్వు మాత్రం పక్కన కూర్చుని "ఇదీ రాదా?" అనకు, నీ నోటి సంగతి నాకు తెలుసు. చెల్లెమ్మని కూర్చోమను.

దసరా వెళ్ళాక మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను జాతర, అందరూ రండి. పిల్ల పుస్తకాలు కూడా తెండి, ఓ గంట నా దగ్గర కూర్చోబెట్టండి.

ఇట్లు,
నీ రమణ